ఆవిరి సంచిలో మా మామ

మా మామ నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట: "జర ముక్కు గోకు బిడ్డా."

అప్పటికి నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి ఆరేళ్లు దాటింది. ఆ ఆరేళ్లూ ఆయన నాకు చెప్పవలసినవన్నీ అత్తమ్మకే చెప్పేవాడు. నేను అక్కడే నిలబడి ఉన్నా సరే, గోడవైపు చూస్తూ, "కోడలికి చెప్పు, గేటేసుకొమ్మను" అనేవాడు. అత్తమ్మ నావైపు తిరిగి, "గేటేసుకొమ్మంటుండు" అనేది. నేను తల మీద కొంగు సర్దుకుని వెళ్లి గేటు వేసేదాన్ని.

మా పుట్టింట్లో ఇలాంటి పద్ధతి లేదు. మాది యాప్రాల్. మా నాయిన మిలిటరీ స్టోర్లో పనిచేసేవాడు. చిన్న ఇల్లు, ఎక్కువమంది మనుషులం, ఒకరి మాట ఒకరికి వినపడాలంటే అరవాల్సిందే. అలాంటి ఇంటినుంచి మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య రోడ్డు మీద, ద్రాక్ష తోటను ఆనుకుని ఉన్న అంత పెద్ద ఇంటికి వచ్చాను. అక్కడ మగవాళ్లు వరండాలో, ఆడవాళ్లు వంటింట్లో. మధ్యలో మాటలు మోసే పని అత్తమ్మది.

మామ నిండైన మనిషి. పొడుగూ వెడల్పూ, గొంతు కూడా అంతే. చిన్నప్పుడు ఉర్దూ బడిలో చదివాడు. తెలుగు పేపరును కూడబలుక్కుంటూ చదివేవాడు కాని ఎవరైనా వస్తే మడిచి పక్కన పెట్టేవాడు. తోట ఆయన తన చేతులతో వేసుకున్నది. నేను వచ్చేనాటికే దాని పని అయిపోవచ్చింది. బోరు ఎంత లోతుకు దించినా దుమ్మే పైకి వచ్చేది. కొన్నాళ్లు ట్యాంకర్లు తెప్పించి తడిపించాడు. ఆ తర్వాత ఒక ఎండాకాలం తీగలన్నీ నరికించేశాడు. పందిరి మోసిన రాతి కడీలు మాత్రం అలాగే నిలబడి ఉండేవి. ఆ కడీల మధ్యలోంచే మా ఆయన ప్లాట్ల కోసం సున్నంతో గీతలు పోయించాడు. దాని గురించి తండ్రీకొడుకులు ఒక్కమాట అనుకోలేదు. మామ ఆ వైపు కిటికీ మూయించాడు, అంతే.

షుగరు ఆయనకు ఎప్పటినుంచో ఉంది. మోకాళ్ల నొప్పులకు మేడ్చల్లో మందుల షాపువాడు ఇచ్చిన గోళీలు ఏళ్ల తరబడి మింగాడు. మొదట పాదాలు వాచాయి. చెప్పులు పట్టకపోతే పెద్దవి తెప్పించుకున్నాడు కాని వాపు ఎందుకని ఎవరినీ అడగలేదు. తర్వాత పొద్దున్నే కళ్ల కింద ఉబ్బు, పడుకుంటే ఆయాసం. సికింద్రాబాద్ ఆసుపత్రిలో పరీక్షలన్నీ చేసి కిడ్నీలు రెండూ పనిచేయడం లేదన్నారు. కిడ్నీ మార్చే మాట వచ్చింది గాని, గుండె అంత ఆపరేషన్‌కు తట్టుకోదని డాక్టరే ఆ మాట పక్కన పెట్టాడు. ఇక మిగిలింది డయాలిసిస్.

అందుకోసం ఆయన ఎడమ మణికట్టు దగ్గర చిన్న ఆపరేషన్ చేసి రెండు రక్తనాళాలు కలిపారు. దాన్ని ఫిస్టులా అనేవాళ్లు. సూదులు అక్కడే గుచ్చి, రక్తం బయటికి తీసి, మిషన్లో శుభ్రం చేసి మళ్లీ ఒంట్లోకి పంపేవాళ్లు. ఆ చోట వేలు పెడితే లోపల జుమ్మని అదిరేది. మామ దానికి మోటరు అని పేరు పెట్టాడు. పొద్దున లేవగానే మణికట్టు చెవికి ఆనించుకుని వినేవాడు. "నడుస్తాంది" అనేవాడు. అత్తమ్మ దేవుడి పటం వైపు తిరిగి దండం పెట్టేది.

వారానికి మూడుసార్లు రమ్మన్నారు. ఆయన రెండుసార్లకే ఒప్పుకున్నాడు. మిషన్ మీద నాలుగు గంటలు, రానూ పోనూ రోడ్డు మీద అంతకు తక్కువేం కాదు. కొంపల్లి దాటాక సుచిత్ర చౌరస్తా దగ్గర బండి ఆగిందంటే ఇక కదిలేది కాదు. ఇంటికొచ్చాక ఆ రోజంతా మంచానికి అతుక్కుపోయేవాడు.

అన్నిటికంటే కష్టం నీళ్లు. ఆయనకు మూత్రం దాదాపు ఆగిపోయింది. తాగినదంతా ఒంట్లోనే నిలిచిపోతుంది, కాళ్లు వాస్తాయి, ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. అందుకని రోజంతటికీ కలిపి ఒక చిన్న బాటిలు. చాయ్, చారు, మజ్జిగ అన్నీ అందులోంచే తగ్గించుకోవాలి. ఇంట్లో మేమంతా ఆయన ముందు నీళ్లు తాగడం మానేశాం. అన్నం తిని గొంతులో మెతుకులు అడ్డం పడుతున్నా అలాగే లేచి పెరట్లోకి పోయేవాళ్లం. అత్తమ్మ బావి గట్టు వెనక నిలబడి గటగటా తాగి, మూతి శుభ్రంగా తుడుచుకుని లోపలికి వచ్చేది. ఏదో దొంగతనం చేసి వస్తున్నట్టు ఉండేది ఆమె ముఖం. ఎండాకాలం చుట్టాలెవరైనా వచ్చి, "అబ్బ, సల్లటి నీళ్లియ్యి బిడ్డా" అంటే ఇంకో మాట అననిచ్చేదాన్ని కాదు. వాళ్లను చేయి పట్టుకుని వాకిట్లోకి తీసుకుపోయేదాన్ని.

డయాలిసిస్ వార్డులో పక్క మంచం మనిషి కొడుకు మా ఆయనకు ఆవిరి స్నానం సంగతి చెప్పాడట. చెమట పట్టిస్తే ఒంట్లో నీరు కొంత అలా పోతుందని, దురద కూడా తగ్గుతుందని, ఇంట్లోనే పెట్టుకునే మిషన్లు దొరుకుతున్నాయని. మా ఆయన డాక్టరును అడిగాడు. డాక్టరు అవుననలేదు, కాదనలేదు. "కొంచెం సేపు కూర్చుంటే ఇబ్బంది లేదు. బీపీ చూసి కూర్చోబెట్టండి. నీరు కొద్దిగా పోతుంది. కాని డయాలిసిస్ చేసే పని చెమట చెయ్యదు, అది గుర్తుపెట్టుకోండి" అన్నాడు. మా ఆయన ఇంటికి వచ్చి చెప్పినప్పుడు మొదటి మాటలే గట్టిగా చెప్పాడు.

సుచిత్ర దగ్గర వ్యాయామం సామాన్లు అమ్మే షాపులో కొని డిక్కీలో వేసుకొచ్చాడు. విప్పితే పెద్ద సంచిలా ఉంది. లోపలంతా వెండి రంగు, ముందు జిప్పు గొలుసు, పైన తల పట్టేంత కన్నం. లోపల వేసుకోవడానికి మడత కుర్చీ. పక్కన అన్నం కుక్కరంత డబ్బా. దాంట్లో నీళ్లు పోసి కరెంటు పెడితే మరిగి, ఆవిరి గొట్టంలోంచి సంచిలోకి పోతుంది. మనిషి మెడదాకా లోపల, తల ఒక్కటి బయట.

మామను పంచెతో కూర్చోబెట్టి, గొలుసు పైకి లాగి, మెడ చుట్టూ ఆవిరి పోకుండా తువ్వాలు చుట్టాడు మా ఆయన. వంటింట్లోంచి వచ్చిన అత్తమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"అయ్యో, గిదేందిరా! మనిషిని మూట గట్టినవు గదరా! తలకాయొక్కటే కనవడుతాంది!"

"పరేషాన్ గాకే అమ్మా. ఫారిన్ల అందరు గిట్లనే గూసుంటరట."

"ఫారినోడు గూసుంటె నేనెందుకు గూసోవాలెరా?" అన్నాడు మామ సంచిలోంచి. ఆయన అంత గొంతూ ఆ తలలోంచి వస్తుంటే నాకు నవ్వొచ్చింది. తలుపు చాటుకు పోయాను.

మొదటి రెండు రోజులు మా ఆయనే దగ్గరుండి చూసుకున్నాడు. మూడో రోజు ఎవరో ప్లాటు చూడడానికి వచ్చారని ఫోను రావడంతో, "జర సూస్తుండు, ఇప్పుడే వస్త" అని నాకు చెప్పి పోయాడు. మళ్లీ మధ్యాహ్నానికి గాని రాలేదు. అత్తమ్మకు కరెంటు సామానంటే భయం, మిక్సీ కూడా ముట్టుకునేది కాదు. అలా ఆ పని నా మీద పడింది, నాతోనే ఉండిపోయింది.

ఆ మూడో రోజునే ముక్కు దురద పెట్టింది. చేతులు బయటపెట్టుకోవడానికి సంచికి పక్కల కన్నాలు ఉన్నాయి కాని చేతులు బయటికి తీస్తే ఆవిరంతా పోతుందని వాటిని మూసేశాం. ఆయన కాసేపు ముక్కు ముడిచాడు, తల అటూ ఇటూ తిప్పాడు, భుజానికి రాసుకోవాలని చూశాడు. అత్తమ్మను పిలిచాడు. ఆమె పెరట్లో ఉంది, వినపడలేదు. చివరికి గోడకేసి చూస్తూనే అడిగాడు ఆ మాట. నేను కుర్చీ వెనక నిలబడి, ముందుకు చేయి చాపి, కనపడని ముక్కును వెతుక్కుని గోకాను.

కాసేపటికి నుదుటి మీది చెమట కళ్లలోకి దిగింది. తువ్వాలు తీసుకుని అది కూడా వెనకనుంచే తుడవబోయాను.

"ముంగటికి రా బిడ్డా, కన్ను పొడుస్తవు" అన్నాడు.

ముందుకు వచ్చాను. అంత దగ్గరగా ఆయన ముఖం చూడడం అదే మొదటిసారి. కనుబొమల్లో తెల్లవెంట్రుకలు, గడ్డం మీద ఎప్పటిదో దెబ్బ మచ్చ. కళ్లు మూసుకుని, చంటిపిల్లాడు ముఖం కడిగించుకుంటున్నట్టు గడ్డం పైకెత్తాడు. తుడిచాను.

ఆ తర్వాత రోజూ కరెంటు ఉన్న వేళ చూసుకుని సంచి పరిచేదాన్ని. కోత వేళలు ఎప్పుడు మారతాయో తెలియదు. ఒక్కోసారి ఆయన కూర్చుని, ఆవిరి మొదలయ్యేసరికి కరెంటు పోయేది. "పాయె" అనేవాడు. దిగేవాడు కాదు. వస్తుందేమోనని ఇద్దరం అలాగే ఎదురు చూసేవాళ్లం.

సంచిలో ఉన్నంతసేపూ ఆయన మాట్లాడేవాడు. బయటికి వచ్చాక మళ్లీ ఎక్కువ మాట్లాడేవాడు కాదు. చేతులు కదలకపోతే నోరు కదుపుతారేమో మనుషులు, నాకు తెలియదు. మొదట పేపరు చదవమన్నాడు. చదివేదాన్ని. తర్వాత మా ఇంటి సంగతులు అడిగాడు. "మీ నాయినకు చెవులు మంచిగ ఇనవడ్తయా? మొన్న వచ్చినప్పుడు నేనేదో అంటె ఇనలేదు" అన్నాడు. మా నాయినకు ఒక చెవి వినపడదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ సంగతి చెప్పాను. పిలిస్తే పలకకపోవడం ఆయన పెళ్లినాడే గమనించాడట. "చెప్పద్దా బిడ్డా, నేను మనసుల ఏందో అనుకున్న" అన్నాడు. నా తల మీంచి కొంగు ఎప్పుడు జారిందో గుర్తులేదు. తర్వాత మళ్లీ కప్పుకోలేదు.

కాని నీళ్ల దగ్గర మాత్రం ఏ మాటా పనిచేసేది కాదు. చెమట పడితే దాహం వేస్తుంది కదా. ఆ దాహానికి తగ్గట్టు తాగితే పోయిన నీరంతా మళ్లీ ఒంట్లోకే. తాగకపోతే నాలుక పిడచకట్టుకుపోయేది. నేను డబ్బాలో చెంబెడు నీళ్లు పోస్తుంటే ఆయన కళ్లు ఆ ధారనే చూసేవి.

"దానికి పోసే నీళ్లు నాకు పోస్తె ఏం పోతది బిడ్డా?"

"మామా, డాక్టరు..."

"ఎరుక, ఎరుక. ఉత్తగనే అంటున్న."

ఒట్టిగా అనడం లేదని నాకు తెలుసు. తడిగుడ్డతో పెదవులు అద్దేదాన్ని. ఆయన ఆ గుడ్డను పళ్లతో పట్టుకుని పీల్చేవాడు. నేను లాగలేకపోయేదాన్ని. ఇవ్వడానికీ లేదు, లేదనడానికీ నోరు రాదు. చేతులు లోపల కట్టేసినట్టున్న మనిషి, నోరు తెరిచి, గుక్కెడు నీళ్లు అడుగుతుంటే ఎదురుగా నిలబడడం ఎలా ఉంటుందో చెప్పడం నాకు ఇప్పటికీ రాదు. ఒకసారి అత్తమ్మను పిలిచాను. ఆమె వచ్చి, ఆయన ముఖం చూసి, "నా తోని గాదు" అని కొంగు నోట్లో కుక్కుకుని వెనక్కి పోయింది.

అయినా ఆ సంచి వల్ల మేలు జరిగిందనే అనుకున్నాం. ఒక రోజు బయటికి వచ్చి ఒళ్లు తుడుచుకుని బరువు మిషన్ ఎక్కితే అరకిలో తగ్గింది. "ఏమేవ్, ఇటు రా! దిగింది సూడు!" అని అత్తమ్మను కేకేశాడు. ఇల్లంతా వినపడింది. ఒళ్లంతా గోక్కుంటూ ఉండేవాడు, ఆ దురద తగ్గింది. మధ్యాహ్నం గురకపెట్టి నిద్రపోయాడు. ఆ గురక విని అత్తమ్మ ఎంత సంతోషించిందో. వంటింట్లో పాయసం పెట్టింది. ఆయనకు రెండు చెంచాలే.

ఆ సంతోషమే మమ్మల్ని పట్టుకెళ్లి ఎక్కడో పడేసింది.

ఒకనాడు ఆయన, "రేపు దవఖానకు పోను" అన్నాడు. "ఇంట్లనే నీరు పోతాంది గద. గంత దూరం పోయి సూదులు పొడిపించుకునుడెందుకు?"

ఆ రోజు మా ఆయనకు ఎవరితోనో రిజిస్ట్రేషన్ పని ఉంది. "ఒక్కసారికి ఏంగాదు తియ్యి" అన్నాడు. నేను పక్కకు పిలిచి, డాక్టరు ఏమన్నాడో గుర్తుచేశాను.

"నేనేం జెయ్యాలె చెప్పు? ఆయన ఇంటడా? ఎత్తుకపోవాల్నా?" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. నెలల తరబడి ఆ రోడ్డు మీద బండి నడిపింది ఆయనే.

మర్నాడు సంచిలో కూర్చున్నప్పుడు నేనే ధైర్యం చేశాను.

"మామా, నీరు పోతది గని లోపలి విషం పోదట. అది మిషన్లనే పోతదట."

"చెమట ఉప్పగుంటదా లేదా?"

"ఉంటది."

"ఒంట్ల ఉప్పు పోతె విషం పోయినట్టే గద. నేను నాకి సూసిన, మస్తు ఉప్పగున్నది" అన్నాడు నవ్వుతూ.

నేను ఇంటర్ దాకా చదివాను. ఆయన మాట తప్పని తెలుసు. ఎందుకు తప్పో చెప్పే చదువు నాకు లేదు.

ఇంకో రెండుసార్లు అలాగే ఎగ్గొట్టాడు. దానికి బదులుగా సంచిలో ఇంకా ఎక్కువసేపు కూర్చునేవాడు. నేను స్విచ్చి ఆపబోతే, "ఉండు బిడ్డా, ఇంకో జర" అనేవాడు. అన్నం సయించడం లేదు. ఎక్కిళ్లు మొదలయ్యాయి. అయినా కాళ్ల వాపు పెద్దగా లేదు కాబట్టి ఆయన వాటిని లెక్కపెట్టలేదు.

ఆ పొద్దున బీపీ చూశాను, బాగానే ఉంది. కూర్చోబెట్టాను. పేపరు చదువుతుంటే వింటున్నాడు. మధ్యలో, "ట్యాంకరొచ్చిందా?" అన్నాడు.

"ఏ ట్యాంకరు మామా?"

"తోటకు. జల్దీ పైపు పెట్టుమను. ఎండ కొడ్తాంది."

తలెత్తి చూశాను. చెమట ఆగిపోయింది. ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. స్విచ్చి ఆపి గొలుసు లాగితే తువ్వాలు అంచు దానిలో ఇరుక్కుంది. రెండు చేతులతో గుంజాను. రాలేదు. ఈలోగా ఆయన తల ముందుకు వాలిపోయింది. తువ్వాలు చింపి, గొలుసు కిందికి లాగాను. వేడి నా ముఖాన కొట్టింది. చంకల కింద చేతులు పెట్టి లేపాలని చూస్తే ఆయన ఒళ్లంతా జారిపోతోంది, పట్టు దొరకదు. అంత మనిషిని నేనెక్కడ లేపుతాను. "అత్తమ్మా! అత్తమ్మా!" అని అరిచాను. ఆమె పరుగెత్తుకొచ్చి తల పట్టుకుంది. ఇద్దరం కలిసి లాగితే కుర్చీతో సహా పక్కకు ఒరిగి మా మీదనే పడ్డాడు. అత్తమ్మ కిటికీ తెరిచి, కడీల అవతల ఎవరికో భూమి చూపిస్తున్న కొడుకును పేరు పెట్టి పిలిచింది. అలాంటి అరుపు ఆమె గొంతులో నేనెప్పుడూ వినలేదు.

మా ఆయన వచ్చి కాళ్లు ఎత్తి పట్టుకున్నాడు. కొంతసేపటికి మామ కళ్లు తెరిచాడు.

"ఏమైంది?" అన్నాడు.

"ఏంగాలే బాపూ, కండ్లు తిరిగినయంతే."

హమ్మయ్య అనుకున్నాం. అత్తమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. నేను ఆయన ఎడమచేయి తుడుస్తూ మణికట్టు దగ్గర వేలు పెట్టాను. ఏమీ లేదు. ఇంకొంచెం పైకి జరిపాను. నొక్కి చూశాను. మెత్తటి చర్మం, అంతే. నా ముఖం చూసి ఆయనకు అర్థమైనట్టుంది. చేయి మెల్లగా లేపి చెవికి ఆనించుకున్నాడు. చాలాసేపు విన్నాడు.

"మోటరు బందైంది" అన్నాడు.

ఆసుపత్రికి పోయేదాకా కారులో ఆ చేయి చెవి దగ్గరనుంచి దించలేదు. నేను వెనక సీట్లో ఆయన పక్కనే ఉన్నాను. సుచిత్రలో ఎప్పటిలాగే బండ్లు ఆగిపోయి ఉన్నాయి. మా ఆయన హారన్ మీద చేయి పెట్టి తియ్యలేదు. అయినా ఎవరూ జరగలేదు. జరగడానికి చోటు లేదు.

బీపీ బాగా పడిపోయినప్పుడు ఆ చోట రక్తం గడ్డకట్టిందన్నారు. తెరవాలని చూశారు, కుదరలేదు. కుడిచేతి రక్తనాళాలు పనికిరావన్నారు. ఇక మెడ దగ్గర గొట్టం వేశారు. అది తాత్కాలికమే అంటూనే, నెలలు కూడా ఉంచవలసి రావచ్చన్నారు. సంచి వల్లనేనా అని మా ఆయన అడిగాడు. "వేడికి బీపీ పడిపోయి ఉంటుంది. డయాలిసిస్ మానేయడం వల్ల అప్పటికే ఒళ్లు బలహీనంగా ఉంది. ఒక్కోసారి ఇవేవీ లేకపోయినా ఆగిపోతుంది. ఇదే కారణమని నేను చెప్పలేను" అన్నాడు డాక్టరు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. మా ఆయన నావైపు చూశాడు, నేను ఆయనవైపు చూశాను, ఇద్దరం నేలవైపు చూశాం.

గొట్టం దగ్గర తడి తగలకూడదు. స్నానం లేదు, ఆవిరి అసలే లేదు. వారానికి మూడుసార్లు మారుమాట లేకుండా పోయేవాడు. చలికాలం వచ్చింది. మా వైపు చెరువు మీదుగా వచ్చే చలి గాలి ఎముకల్లోకి దిగుతుంది. రక్తం తక్కువైన మనిషి, డయాలిసిస్ నుంచి వచ్చాక రెండు రగ్గులు కప్పినా పళ్లు టకటకలాడేవి. మధ్యమధ్య జ్వరం కూడా వచ్చేది. గొట్టం దగ్గర చీము పడుతోందని మందులు మార్చేవాళ్లు.

ఒకరోజు సాయంత్రం ఆయన నన్ను పిలిచాడు.

"బిడ్డా, గా సంచి పరువు."

"వద్దన్నరు గద మామా."

"నీళ్లు పోవుటానికి గాదు. సలికి. పది నిమిషాలు. ఎవ్వరికి చెప్పకు."

"గొట్టం తడిస్తె పెద్ద కష్టమైతది మామా."

"తువ్వాలు సుట్టు. ఏంగాదు."

నేను రగ్గు ఆయన భుజాలదాకా లాగి కప్పాను. ఆయన కాసేపు చూసి కళ్లు మూసుకున్నాడు. "నువ్వు గూడ గంతేనా" అన్నాడు.

వంటింట్లోకి పోయి కుంపటి రాజేశాను. పాత చీరల గుడ్డలు దాని మీద కాచి తెచ్చి ఆయన పాదాలకు చుట్టాను. చుట్టిన గుడ్డ చల్లబడేలోపు ఇంకొకటి కాచేదాన్ని. పాదాలు వెచ్చబడితే చేతులు చల్లగా ఉండేవి, చేతులకు చుట్టితే మళ్లీ పాదాలు. వేడి ఆయన ఒంట్లో ఒక్క నిమిషం కూడా నిలిచేది కాదు. చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. అత్తమ్మ కూడా వచ్చి కుంపటి దగ్గర కూర్చుంది. ఆ చలికాలమంతా సాయంత్రాలు ఇద్దరం అదే పని చేశాం. అంతకంటే మా చేతుల్లో ఏమీ లేదు.

చలి తగ్గాక పోయాడు. ఇంట్లో కాదు, మా ముందూ కాదు. మామూలుగానే డయాలిసిస్‌కు పోయిన రోజు, మిషన్ మీద ఉండగా చలిజ్వరం వచ్చిందట. అటునుంచి అటే ఐసీయూలోకి మార్చారట. మా ఆయన ఫోను చేసి, "ఆసుపత్రిల ఉంచుకున్నరు, మీరు రావద్దు" అన్నాడు. మర్నాడు పొద్దున మళ్లీ చేశాడు. ఫోను నేనే ఎత్తాను. అత్తమ్మ అప్పుడు పెరట్లో ఉంది. ఆమె లోపలికి వచ్చేదాకా ఫోను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను.

దినాలన్నీ అయిపోయాయి. చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయారు. ఆ సంచి, డబ్బా అటక మీద ఉండేవి. ఎప్పుడో మా ఆయన ఎవరికో ఇచ్చేశాడు, ఎవరికని నేను అడగలేదు.

ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరుతున్నాం. అత్తమ్మ చేట కింద పెట్టి, "గా సంచిల గూసోని నీతోని ఏం మాట్లాడెటోడు బిడ్డా?" అని అడిగింది.

"ఏవో మాటలు అత్తమ్మా."

"నాతోని గిన్నేండ్లల్ల గన్ని మాటలు మాట్లాడలే. వంటింట్ల ఉంటె ఇనవడేటియి. ఏం చెప్తుండో సమజయ్యేది గాదు. నేను రాకపోతి."

నాకు ఒకటి గుర్తొచ్చింది. తోట వేసిన కొత్తలో కూలీలకు ఇచ్చే స్థితి లేక మొగుడూ పెళ్లాలే తీగలకు పురుగుమందు కొట్టేవాళ్లట. మైలతుత్తం, సున్నం కలిపి. ఆమె కలిపేది, ఆయన కొట్టేవాడు. ఆ రోజుల్లో ఆమె చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవట. చుట్టాల పెళ్లికి పోతే ఆడవాళ్లు ఆ చేతులు చూసి గుసగుసలాడారట. "మీ అత్తమ్మ నవ్వింది. సిగ్గయింది నాకు బిడ్డా, ఆమెకు గాదు" అని ఆయన చెప్పాడు. అదే చెప్పాను.

అత్తమ్మ కదలకుండా విన్నది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుంది.

"గది యాదికున్నదా ఆయినకు? నాతోని ఎన్నడు అనలే" అన్నది. కాసేపటికి, "ఇంకేం చెప్పిండు?" అని అడిగింది.

ఆలోచించాను. కళ్లు మండుతున్నాయని, కరెంటు ఎప్పుడొస్తుందని, గుక్కెడు నీళ్లిమ్మని, ఉర్దూ బడి పంతులు కొట్టిన దెబ్బలని, మా నాయిన చెవి అని. ఆమె ఉన్న మాట ఇంకొకటి ఎంత వెతికినా దొరకలేదు.

"ఇంకేం చెప్పిండు బిడ్డా?" అన్నది మళ్లీ, కొంచెం ముందుకు జరిగి.

నేను చేట అందుకుని రాళ్లు ఏరసాగాను. ఆమె నా ముఖంలోకే చూస్తూ కూర్చుంది.